మందు అన్నాడు

ఫిబ్రవరి 3

ఇవాళ ఇస్త్రీ నా వాక్యం కోసేశాడు.

ఎంత వాక్యమని? రెండు ముక్కలు. "ఇది గుండెజబ్బు మందులో కూడా ఉంటుంది. మనిషిని అడగండి." మా ల్యాబు యంత్రం తెరంతా ఎర్రబడి 'పేలుడు పదార్థం: నైట్రోగ్లిజరిన్' అని పడ్డాక, దాని కింద చిన్న అక్షరాల్లో వచ్చేది. ఆ చిన్న అక్షరాలే ఆయన కంట్లో నలుసయ్యాయి.

"మేడం, గేటు దగ్గర నిలబడేవాడు పరీక్ష రాయడానికి రాలేదు. ఎరుపా, పచ్చా. అంతకుమించి చదవడు."

"యంత్రం పదార్థం పేరు చెబుతుంది సర్, మనిషి ఎలాంటివాడో చెప్పదు. ఆ స్ప్రే నాలిక కింద కొట్టుకునేవాళ్ళు ఊరినిండా ఉన్నారు. వాళ్ళ వేళ్ళకి అది అంటుకునే ఉంటుంది. మనది రవ్వంత ఉన్నా పట్టేస్తుంది."

"అదే కదా మన గొప్ప!" అని నవ్వాడు. "అయినా ట్రయలే కదా. తర్వాత చూద్దాం."

మా డైరెక్టర్‌కి ఇస్త్రీ అని పేరు పెట్టింది నేనే. చొక్కా మీద ముడత ఉండదు, మాట మీద ముడత ఉండదు, పక్కవాడు తగలబడిపోతున్నా మొహం మీద ముడత ఉండదు.

ఇంటికొచ్చి చెబితే మా ఆయన "పోనీలే" అన్నాడు. ఆ మాట కనిపెట్టినవాణ్ణి వెతికి పట్టుకోవాలని ఉంది.

ఫిబ్రవరి 6

యంత్రం రైల్వే స్టేషన్‌కి చేరింది. ప్రధాన ద్వారం పక్కన బల్ల వేసి పెట్టారు. ఇన్నేళ్ళ పని, చూస్తే టిఫిన్ క్యారియర్ అంత ఉంది. ముద్దుగానే ఉంది. ఒప్పుకోవాలి.

దాన్ని నడిపేందుకు ఒక కాంట్రాక్ట్ అమ్మాయిని ఇచ్చారు. చురుకైన పిల్ల. గుడ్డతో చెయ్యి తుడవడం, గుడ్డని వెండి పూత పట్టీకి అద్దడం, పట్టీని లోపల పెట్టి మూత వేయడం, లేజర్ కొట్టడం, అన్నీ ఒక్కసారి చూపిస్తే చేసేసింది. "ఎర్రగా వస్తే ఏం చెయ్యాలి మేడం?" అంది.

నేను నోరు తెరిచేలోపు పక్కనున్న సెక్యూరిటీ ఇన్‌చార్జి అందుకున్నాడు. "మనిషిని గదిలో పెట్టాలి. సామాను సీల్ చెయ్యాలి. బాంబు స్క్వాడ్ వచ్చేదాకా ఎవరూ ముట్టుకోకూడదు. అంతే." మీసం పెద్దది, మిగతా మనిషి దానికి అతికించినట్టున్నాడు.

"మధ్యలో అతన్ని ఒక మాట అడగొచ్చు" అన్నాను.

"దొంగని దొంగవా అని అడుగుతామా మేడం?" అన్నాడు మీసం. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు.

ఫిబ్రవరి 9

ఆదివారం. అత్తయ్య పప్పులో రాళ్ళు ఏరుతూ, నేను చేసే పనేంటో ఇన్నాళ్ళకి అడిగింది. లేజర్ వెలుగు పదార్థం మీద పడి వెనక్కి వచ్చేటప్పుడు రంగు కాస్త మారుతుంది అత్తయ్యా, ఏ పదార్థానికి ఆ మార్పు దానిదే, దాన్ని బట్టి ఇది ఫలానా అని చెప్పొచ్చు అన్నాను.

"అంటే గొంతు విని మనిషిని పోల్చినట్టు."

"సరిగ్గా అంతే."

"గొంతు పోల్చగానే దొంగ అంటుందా?"

"అనదు. పేరు చెబుతుందంతే."

"మరి దొంగ అనేదెవరే?"

నేను రాళ్ళు ఏరడంలో సాయం చేశాను.

ఫిబ్రవరి 14

ట్రయల్ దివ్యంగా నడుస్తోందట. ఇస్త్రీ కేకు కోయించాడు. నేను తినలేదు.

రెండు ముక్కలు తిన్నాను. కోపంలో తిన్నవి లెక్కలోకి రావు.

ఫిబ్రవరి 19

రాయబుద్ధి కావడం లేదు. అయినా రాయాలి. రాయకపోతే ఎవరినైనా కొడతాను.

మధ్యాహ్నం ఇస్త్రీ ల్యాబులోకి దాదాపు పరుగెత్తుకొచ్చాడు. "పట్టుకుంది! మన యంత్రం పట్టుకుంది! మొదటి కేసు!" అందరూ చప్పట్లు కొట్టారు. ఏం పదార్థం సర్ అన్నాను. నైట్రోగ్లిజరిన్ అన్నాడు. ఎవరి దగ్గర అన్నాను. ఎవరో పెద్దాయనట అన్నాడు, అదేదో చిన్న విషయమైనట్టు.

"ఆయన సంచిలో స్ప్రే ఉందేమో అడిగారా?"

"అవన్నీ స్క్వాడ్ చూసుకుంటుంది మేడం."

స్టేషన్‌కి ఫోన్ చేశాను. ఎత్తలేదు. మళ్ళీ చేశాను. మీసం ఎత్తి "పని మీద ఉన్నాం" అని పెట్టేశాడు. టాక్సీ ఎక్కాను. దారి పొడుగునా ట్రాఫిక్కుని తిట్టాను, డ్రైవర్‌ని తిట్టాను, పాపం అతను ఏమీ అనలేదు.

నేను వెళ్ళేసరికి స్ట్రెచర్ ఎదురొచ్చింది. మొహం మీద మాస్కు. పొడుగాటి మనిషి, పాదాలు స్ట్రెచర్ దాటి బయటికి వచ్చాయి. ఒక కాలికి చెప్పు లేదు.

ఆ గదిలోకి వెళ్ళాను. కిటికీ లేని గది. ఒక కుర్చీ, ఒక బల్ల. బల్ల మీద సీల్ వేసిన ప్లాస్టిక్ కవరు. కవరులో బొటనవేలంత స్ప్రే సీసా. మీద మందుల షాపు చీటీ అంటించే ఉంది. ఏ షాపో, ఎప్పుడు కొట్టుకోవాలో, అన్నీ. కుర్చీలోంచి చెయ్యి చాపితే అందేంత దూరం.

చెయ్యి చాపితే అందేంత దూరం.

"ఇదేంటి?" అన్నాను మీసంతో.

"సాక్ష్యం. ముట్టుకోకండి" అన్నాడు.

ఫిబ్రవరి 20

పోయాడు.

ఫిబ్రవరి 21

పేపర్లో ఫొటో వేశారు. ఈత మాస్టారు. మునిసిపల్ కొలనులో సగం ఊరికి ఈత నేర్పిన మనిషి. మా ల్యాబులో గాజు పని చేసే కుర్రాడు ఫొటో చూసి బాత్రూంలోకి వెళ్ళి చాలాసేపు రాలేదు. వచ్చాక అన్నాడు, "నన్ను మొదటిరోజు నీళ్ళలోకి తోసింది ఆయనే మేడం. బయటికి లాగింది కూడా ఆయనే."

తన దగ్గర నేర్చుకున్న పిల్ల ఎవరో పోటీలో దిగుతోందని చూడ్డానికి రైలెక్కబోయాడట. పరుగున వచ్చి ఉంటాడు. దారిలో నొప్పి వస్తే ఒకసారి స్ప్రే కొట్టుకుని ఉంటాడు. అది వేళ్ళకి అంటుకుని ఉంటుంది. అంతా తెలిసినట్టు రాస్తున్నాను. తెలుసు కాబట్టే.

ఫిబ్రవరి 24

ఇస్త్రీ తలుపు వేసి కూర్చోబెట్టాడు. విచారణ కమిటీ వేశారట. వచ్చే నెల నన్ను పిలుస్తారట.

"మీరు చెప్పాల్సింది ఒక్కటే. యంత్రం సరిగ్గా పనిచేసింది. అది నిజమే కదా?"

నిజమే.

అదే నా ఒళ్ళు మండిస్తోంది. అబద్ధం చెప్పమంటే మొహాన కొట్టి వచ్చేదాన్ని. ఈయన నన్ను నిజం చెప్పమంటున్నాడు. మసి పూసి మారేడుకాయ చెయ్యడం విన్నాను గానీ, నిజం పూసి చెయ్యడం ఇప్పుడే చూస్తున్నాను.

"ఆ వాక్యం సంగతి?" అన్నాను.

"ఏ వాక్యం?" అన్నాడు. ముడత పడలేదు.

తర్వాత చల్లగా ఇంకోటి చెప్పాడు. స్టేషన్ వాళ్ళు రాసిచ్చారట, ప్రయాణికుడు మందు సంగతి తమకి చెప్పలేదని. "చెప్పి ఉంటే వాళ్ళు ఇవ్వరా మేడం? వాళ్ళూ మనుషులే కదా."

ఫిబ్రవరి 25

మా ఆయన "పోనీలే" అనబోయి నా మొహం చూసి మింగాడు. మంచిదైంది.

ఫిబ్రవరి 26

అత్తయ్య అడిగింది: "ఆ వాక్యం తీసేస్తుంటే నువ్వెందుకు ఒప్పుకున్నావే?"

నేను ఒప్పుకోలేదు. ఊరుకున్నాను. రెండూ వేరు.

మార్చి 2

ఆ గేటు అమ్మాయి ఇంటికి వెళ్ళాను. మేడమీద ఒక్క గది. బట్టలు మడతపెడుతోంది. నన్ను చూడగానే మొహం పాలిపోయింది. యూనిఫాం మాత్రం తలుపు వెనక మేకుకి నీటుగా వేలాడుతోంది.

"ఆయన ఏమీ చెప్పలేదా?" అన్నాను కూర్చోకుండానే.

ఇంకో చొక్కా చేతిలోకి తీసుకుంది.

"నువ్వు పక్కనే ఉన్నావు. చెయ్యి తుడిచింది నువ్వు. నోరు తెరిచి ఒక్క మాట కూడా అనలేదా ఆయన?"

"అన్నారు" అంది. చేతిలో చొక్కా మడత విప్పింది, మళ్ళీ మడత పెట్టింది. "తెర ఎర్రగా అవగానే ఆయనే అన్నారు, 'అది నా మందు అమ్మా, మందు' అని. గదిలో కూర్చోబెట్టాక మళ్ళీ అన్నారు. 'మందు, నా మందు ఇవ్వండి' అని. గుండె మీద చెయ్యి పెట్టుకుని."

"మరి?"

"సార్ నవ్వారు."

"ఎవరు, మీసమా?"

"'మందే అని వాడే ఒప్పుకుంటున్నాడు కదరా, ఇంకేం కావాలి' అన్నారు. మందంటే... తుపాకీ మందు అన్నట్టు. అందరూ నవ్వారు. నేను..." ఆగింది. "నేను నవ్వలేదు."

నాకు ఎప్పుడూ లేనంత కోపం వచ్చింది. ఈ పిల్ల మీదే వచ్చింది. దగ్గరున్నది ఈ పిల్లే. "నవ్వకపోతే గొప్పా? కవరు చింపి ఆయన చేతిలో పెట్టలేకపోయావా? కమిటీకైనా చెప్పవా? నీ ఉద్యోగం ఆయన ప్రాణం కంటే ఎక్కువా?" ఇంకా చాలా అన్నాను. కిందింటివాళ్ళు తలుపు తీసి చూశారు.

అంతా విని నెమ్మదిగా అంది: "మీ వాక్యం ఒకటి ఉండేదట కదా మేడం తెర మీద. ల్యాబులో వాళ్ళు చెప్పారు. అది తీసేస్తుంటే మీరేం చేశారు?"

పొగరు! వయసెంత, మాటెంత!

నేను మెట్లు దిగి వచ్చేశాను. ఊరుకోవడం వేరు, ఒప్పుకోవడం వేరు. ఆ పిల్లకి అది తెలియదు.

మార్చి 3

రెండూ వేరే.

మార్చి 5

మాస్టారు భార్య ల్యాబ్ గేటు దగ్గరికి వచ్చింది. నన్ను అడిగిందట. ఇస్త్రీ నేను సెలవులో ఉన్నానని చెప్పించాడు. నేను కిటికీలోంచి చూస్తూనే ఉన్నాను. ఎండలో నిలబడి గొడుగు కూడా తెరవకుండా అటూ ఇటూ చూస్తోంది. కిందికి వెళ్ళి చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకొచ్చాను. ఇస్త్రీ వరండాలో నిలబడి ఉన్నాడు. ఆయన పక్కనుంచే నడిపించుకొచ్చాను.

పొట్టి మనిషి, సన్నటి గొంతు. ఏడుపు లేదు. తిడుతుందేమో అనుకుని సిద్ధంగా ఉన్నాను. తిడితే బాగుండేది.

"యంత్రం చేసింది నువ్వేనా అమ్మా?"

"నేనూ, ఇంకొందరూ."

"అది చెప్పింది నిజమేనా? మా ఆయన చేతిమీద అది ఉందా?"

"ఉందండీ."

"అది మందులోదేనా?"

"మందులోదే. ఆయన కూడా 'నా మందు' అనే అన్నారట."

ఆవిడ గొడుగు ఒళ్ళో పెట్టుకుంది. "అయితే యంత్రం ఏం చెప్పిందో ఆయనా అదే చెప్పారు. ఇద్దరూ ఒకటే మాట చెప్పారు. అవునా?"

ఇంతమంది చదువుకున్నవాళ్ళం, ఇన్ని మీటింగులు పెట్టాం, ఈ మాట ఎవరికీ తట్టలేదు. నాక్కూడా.

"మరి చెప్పలేదని ఎందుకు రాశారు?" అంది. "ఆయన ఏదీ దాచుకునే మనిషి కాదు. కూరలో ఉప్పు ఎక్కువైతే వీధి చివరిదాకా వినబడేది. అలాంటి మనిషి, ప్రాణం పోతుంటే నోరు మూసుకున్నాడని కాగితం మీద పెడతారా? ఆయన పోయారు, సరే. అబద్ధాలకోరు చేసి పంపకండి."

నీళ్ళు ఇచ్చాను. తాగకుండా గ్లాసు పట్టుకునే కూర్చుంది.

మార్చి 11

కమిటీ.

పొడుగాటి బల్ల, అటువైపు ముగ్గురు. మధ్యలో చైర్మన్, రిటైరైన న్యాయమూర్తి, చెవిలో మిషను. ఇటువైపు ఇస్త్రీ, మీసం, నేను, ఆ అమ్మాయి. వెనక వరసలో మాస్టారు భార్య.

మీసం ముందే పాఠం అప్పజెప్పాడు. నియమాలు పాటించాం, ప్రయాణికుడు సహకరించలేదు, మందు విషయం తెలియజేయలేదు. ఇస్త్రీ లేచి యంత్రం గొప్పతనం చెప్పాడు. ఆ తర్వాత నేను.

"యంత్రం సరిగ్గా పనిచేసిందా?" అన్నాడు చైర్మన్.

"చేసింది."

"ధన్యవాదాలు. కూర్చోండి."

నేను కూర్చోలేదు.

"కూర్చోండమ్మా."

"ఇంకా ఉంది సార్. యంత్రం పేరు చెప్పి ఊరుకునేది కాదు. 'ఇది గుండె మందులో కూడా ఉంటుంది, మనిషిని అడగండి' అని కూడా చెప్పేది. ఆ మాట దాని నోట్లోంచి తీసేశారు. తీయించింది మా డైరెక్టర్ గారు. గార్డులకి చదవడం రాదన్నారు."

"నేను అలా అనలేదు" అన్నాడు ఇస్త్రీ. మొట్టమొదటిసారి, నుదుటిమీద ఒక్క గీత. దేవుడి దయ. "అది సమష్టి నిర్ణయం. మేడం కూడా ఆ సమావేశంలో ఉన్నారు. అభ్యంతరం చెప్పినట్టు ఎక్కడా లేదు."

చైర్మన్ నావైపు తిరిగాడు. "చెప్పారా?"

గదంతా నన్నే చూస్తోంది. చెప్పాను, ఒకసారి. ఆయన తర్వాత చూద్దామన్నాడు. నేను ఇంటికెళ్ళి మా ఆయన మీద అరిచాను, ఇందులో రాసుకున్నాను, కేకు తిన్నాను.

"సరిపోయేంత చెప్పలేదు" అన్నాను.

ఇస్త్రీ నవ్వాడు. మీసం కూడా నవ్వబోయాడు. అప్పుడు పక్కనుంచి సన్నగా వినబడింది.

"ఆయన మందు అన్నారు సార్."

ఆ అమ్మాయి. లేచి నిలబడింది, కుర్చీ వెనక్కి పడిపోయింది, ఎవరూ ఎత్తలేదు.

"ఏమన్నావు? గట్టిగా చెప్పు" అన్నాడు చైర్మన్, చెవి మిషను సర్దుకుంటూ.

"మందు అన్నారు. నా చెయ్యి పట్టుకుని అన్నారు. ఇన్‌చార్జి గారు 'ఒప్పుకున్నాడురా' అని నవ్వారు. నేను కవరు వైపు చూస్తే నా చేతిమీద కొట్టారు. ఆయన కాసేపు అడిగారు సార్. తర్వాత అడగడం మానేశారు. మానేస్తే నొప్పి తగ్గిందేమో అనుకున్నాం."

"అబద్ధం!" మీసం లేచాడు. "దీనికి ఎవరో నేర్పారు."

"ఎవరు నేర్పుతారండీ?" అంది వెనకనుంచి మాస్టారు భార్య. అరవలేదు. "ఆ గదిలో ఉన్నది మీరూ, మీ వాళ్ళూ, ఈ పిల్లా, మా ఆయనా. మా ఆయన వచ్చి నేర్పారా?"

మీసం కూర్చున్నాడు.

మార్చి 12

ఆ అమ్మాయి కాంట్రాక్ట్ పొడిగించలేదట. ఒక్కరోజు కూడా ఆగలేదు వెధవలు.

వాళ్ళింటికి వెళ్ళాను. మా గాజు పని విభాగంలో మనిషి కావాలి, వస్తావా అన్నాను. "ఆలోచిస్తాను మేడం" అంది. ఈసారి కూర్చోమంది. కూర్చున్నాను.

ఏప్రిల్ 8

నివేదిక వచ్చింది. లావుగా ఉంది. సమాచార లోపం, సమన్వయ లోపం, ఇంకా ఏవేవో లోపాలు. లోపాలన్నీ గాలిలోంచి పుట్టినట్టు రాశారు, మనుషులు చేసినట్టు కాదు. మీసానికి బదిలీ. ఇస్త్రీకి మందలింపు, అదీ మర్యాదగా. ఎవడి చొక్కా నలగలేదు.

నడుమ ఎక్కడో ఒక్క వాక్యం: "ప్రయాణికుడు అది తన మందు అని పలుమార్లు తెలియజేసినట్లు రుజువైంది."

మాస్టారు భార్యకి ఫోన్ చేసి చదివాను.

"మళ్ళీ చదువమ్మా."

చదివాను.

"ఇంకోసారి."

చదివాను. తర్వాత "ఉంటానమ్మా, పాలు పొంగుతున్నాయి" అని పెట్టేసింది.

ఏప్రిల్ 15

నా వాక్యం తెర మీదికి తిరిగి వచ్చింది. ఇప్పుడు పెద్ద అక్షరాలు. టీవీలో ఇస్త్రీ చెబుతున్నాడు, "మానవీయ కోణంలో మేం చేసిన సరికొత్త మార్పు" అని.

రిమోట్ విసిరాను. సోఫాకి తగిలింది. అత్తయ్య తీసి ఇచ్చి, "గోడకి గురిచూడు, సోఫా ఏం చేసింది" అంది.

ఏప్రిల్ 27

మాస్టారు భార్య స్టేషన్ దాకా తోడు రమ్మంది. ఆ ఈత పిల్ల ఉండే ఊరికి వెళ్తోందట, మాస్టారి విజిల్ ఆ పిల్లకి ఇచ్చి రావడానికి. బస్సులో వెళ్ళొచ్చు కదా అన్నాను. "రైల్లోనే వెళ్తాను. ఆ గేటులోంచే" అంది.

పొద్దున్నే కలిశాం. జనం పల్చగా ఉన్నారు. గేటు దగ్గర ఎవరో కొత్త గార్డు, నూనె రాసి దువ్విన తల. నా చెయ్యి తుడిచాడు. పచ్చ. ఆవిడ కూడా చేతులు చాపింది. తుడిచాడు. పట్టీ లోపల పెట్టాడు.

ఎరుపు.

ఆవిడవైపు చూశాను. తొణకలేదు. "నిన్న ఆయన సామాను తిరిగి ఇచ్చారు" అంది నాతో, మామూలు మాటలా. "సీసాలో ఎంత మిగిలిందో అని నొక్కి చూశాను. నిండుగానే ఉందమ్మా."

గార్డు తెర చదువుతున్నాడు. పెదాలు కదులుతున్నాయి. చదవడం వచ్చు వాడికి. వాళ్ళందరికీ వచ్చు.

"అమ్మా, మీరు గుండె మందు ఏమైనా వాడుతున్నారా?"

"నేను కాదు నాయనా. మా ఆయన."

"అలాగా. ఆయన కూడా వస్తున్నారా మీతో?"

ఆవిడ వాడి మొహంలోకి చూసింది. పాపం వాడికేం తెలుసు. "లేదు" అంది. "ఆయన్ని ఎవరూ అడగలేదు."

వాడికి అర్థం కాలేదు. సీసా చూపించమన్నాడు, చీటీ చదివాడు, రెండు చేతులతో తిరిగి ఇచ్చాడు. "జాగ్రత్తగా వెళ్ళి రండమ్మా" అన్నాడు.

అంతే. అయిపోయింది. అడగడం, చెప్పడం, చూడడం, పంపడం, మొత్తం కలిపి ఆవిడ సంచి ఈ భుజం మీంచి ఆ భుజానికి మార్చుకునేంత సేపు పట్టింది.

రైలెక్కించి వచ్చాను. ఇంటికి రాగానే అత్తయ్య మొహం చూసి "ఏడ్చావా?" అంది.

లేదు. ఇంకా అంత దూరం రాలేదు. ఆ కాస్త సేపటి దగ్గరే ఆగిపోయి ఉన్నాను.